రేవులో ఆగిన పడవ: ఎదురుచూపు ఎవరిది?

మన అలంకారశాస్త్రం నాయికల్ని ఎనిమిది రకాలుగా విడదీసింది. భరతుడి నాట్యశాస్త్రం నుంచి వస్తున్న ఈ పట్టికని ఎం.ఏ. తరగతుల్లో మనలో చాలామందిమి బట్టీ పట్టినవాళ్లమే. దాన్ని ఎదురుచూపు అనే కోణం నుంచి ఒక్కసారి చదివి చూడండి. వాసకసజ్జిక ఇల్లూ పడకా అలంకరించుకుని ఎదురుచూస్తుంది. విరహోత్కంఠిత అతను ఇంకా ఎందుకు రాలేదా అని ఎదురుచూస్తుంది. విప్రలబ్ధ చెప్పిన చోట ఎదురుచూసి మోసపోతుంది. ఖండిత రాత్రంతా ఎదురుచూసి, తెల్లవారాక మరో స్త్రీ గుర్తులతో వచ్చినవాణ్ణి చూస్తుంది. ప్రోషితభర్తృక దేశాంతరం వెళ్లినవాడి కోసం రోజులు లెక్కపెడుతుంది. ఎనిమిదింటిలో ఐదు ఎదురుచూపులే. గడప దాటి నడవడమే గుర్తుగా ఉన్నది అభిసారిక ఒక్కతే. ఆ నడక కూడా అతని వైపే. నాయకుల్ని మాత్రం స్వభావాన్ని బట్టి ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని విభజించారు. ఎదురుచూసే నాయకుడు అనే రకం వాళ్లకి అవసరం పడలేదు.

అందుకే స్త్రీవాద విమర్శ ఎదురుచూపుని అనుమానంగానే చూసింది. అలా చూడటం న్యాయమే. సిమోన్ ద బోవా 1949లో వెలువరించిన 'ద సెకండ్ సెక్స్'లో ఇంటి పనిని సిసిఫస్ శిక్షతో పోల్చింది. స్త్రీ జీవితంలో ఎంత భాగం మరొకరి రాక కోసం ఆగడంలో గడిచిపోతుందో కూడా ఆ పుస్తకం గుర్తించింది. మనం కూడా కథల్లో, కవిత్వంలో కిటికీ దగ్గర నిలబడిన స్త్రీని చాలాసార్లు చూశాం, ఆమెని అక్కడి నుంచి కదిలించడమే మన పని అనుకున్నాం. కానీ ఎదురుచూపు మొత్తం బానిసత్వమేనా? ఆగడం అంటేనే లొంగడమా? కదలడం అంటేనే స్వేచ్ఛా? ఈ ప్రశ్నలు నాకు పుస్తకాల్లో కాక, రేవులో కట్టేసి ఉన్న ఒక తెరచాప పడవలో ఎదురయ్యాయి.

యాత్రాకథనాల్లో స్త్రీల గురించి పనిచేస్తూ న్యూజిలాండ్‌లో ఏడాదిపాటు పరిశోధకురాలిగా ఉన్న రోజులవి. ఆక్లండ్‌లో పరిచయమైన ఒకావిడ, స్కూల్ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయిన మనిషి, తన భర్తతో కలిసి పడవలో ఫిజీకి వెళ్లబోతోంది. బయలుదేరేలోగా వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్లమంది. అది మే నెల. ఆ దేశపు ఉత్తర భాగంలో బే ఆఫ్ ఐలండ్స్ అనే చోట ఓపువా అనే చిన్న రేవు ఉంది. దక్షిణ పసిఫిక్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం. ఆ నెలల్లో ఫిజీ, టోంగా దీవుల వైపు తిరిగే పడవలు చాలావరకు కిందికి, న్యూజిలాండ్‌కి దిగివస్తాయి. ఏప్రిల్ చివర నుంచి మళ్లీ ఉత్తరానికి వెళ్లడానికి ఓపువాలో గుంపుగా చేరి వాతావరణం కోసం ఆగుతాయి. నాలుగు రోజులనుకుని వెళ్లినదాన్ని పదకొండు రోజులు ఉన్నాను.

ఆగడం ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు. ఆకాశం నీలంగా ఉంది, గాలి వీస్తోంది, పడవ సిద్ధంగా ఉంది. ఆవిడ మ్యాపు తెరిచి చూపించింది. అక్కడ పడమటి నుంచి తూర్పుకి అధికపీడనాలు, వాటి మధ్య అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి, ఇంచుమించు వారానికొకటి చొప్పున కదిలిపోతుంటాయి. దక్షిణార్ధగోళంలో గాలి అల్పపీడనం చుట్టూ గడియారపు ముళ్ల దిశలోనూ, అధికపీడనం చుట్టూ దానికి ఎదురు దిశలోనూ తిరుగుతుంది. అల్పపీడనం ఒకటి తూర్పుకి దాటిపోగానే నైరుతి గాలి మొదలవుతుంది. ఉత్తరానికి పోయే పడవని ఆ గాలి వెనక నుంచి నెడుతుంది. తొందరపడి ముందే బయలుదేరితే తుఫాను అంచులో చిక్కుకుంటారు. ఆలస్యం చేస్తే అధికపీడనం మధ్యలో గాలి చచ్చిపోయి తెరచాపలు వేలాడతాయి. ప్రయాణం వెయ్యి నాటికల్ మైళ్లకి పైనే, అంటే దాదాపు 2,000 కిలోమీటర్లు. ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. వాతావరణ అంచనా గట్టిగా నమ్మగలిగేది మొదటి నాలుగైదు రోజులకే. మిగిలిన సగం తెలియని దానిలోకి వెళ్లడమే.

ఆ పదకొండు రోజులూ పడవలో ఏం జరిగింది? బయటివాళ్లకి ఏమీ జరగలేదు. పడవ పొడవు 11 మీటర్లు. లోపల ఒక వంటమూల, ఒక బల్ల, రెండు పడకలు, చేత్తో పంపు కొట్టాల్సిన మరుగుదొడ్డి. తెల్లవారుజామున లోపలి గోడలకి తేమ పట్టి నీళ్లు కారేవి. అది తుడవకపోతే బూజు పడుతుంది. తర్వాత బారోమీటర్ చూసి రాయడం. తర్వాత కొత్త వాతావరణ ఫైళ్లు దించుకుని చూడటం. ఆపైన ఆ రోజు పని. తెరచాపలో కుట్లు వదులైనచోట మళ్లీ కుట్టడం, తాళ్లు ఒరుసుకుపోయాయేమో తడిమి చూడటం, పడవ అడుగున చేరిన నీళ్లు తోడి కడగడం, ఇంజన్‌కి నూనె మార్చడం. కూరగాయలు కొనేటప్పుడు ఫ్రిజ్ లేకుండా నిలిచేవే, క్యాబేజీ, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, గుమ్మడికాయ. గుడ్లు చెడకుండా పెంకు మీద వాజిలిన్ రాసి, రోజూ తిప్పి పెట్టాలి. సరుకులు తెచ్చిన అట్టపెట్టెలు ఒడ్డునే పారేయాలి, వాటి మడతల్లో బొద్దింకల గుడ్లుంటాయి. మొదటి మూడు రోజులు సముద్రపు వికారంతో ఎవరూ పొయ్యి దగ్గర నిలబడలేరు కనక ఆ మూడు రోజుల తిండీ ముందే వండి పెట్టుకోవాలి. బయలుదేరడం వాయిదా పడితే ఆ వండినది తినేసి మళ్లీ వండాలి. నేనున్న రోజుల్లో అలా రెండుసార్లు జరిగింది.

ఒక సాయంత్రం బందరు నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"ఇంకా రేవులోనే ఉన్నారా? గాలి లేదా?"

"గాలి ఉందమ్మా, ఎక్కువే ఉంది. అది వీళ్లకి పనికొచ్చే గాలి కాదట."

"మరి ఇన్ని రోజుల్నించీ ఏం చేస్తున్నారే ఆ పడవలో?"

తుడవడం, కుట్టడం, వండడం, గుడ్లు తిప్పడం, నీళ్లు పొదుపు చేయడం అన్నీ చెప్పాను. అమ్మ నవ్వింది. "దీనికి అంత దూరం వెళ్లాలిటే? నేను రోజూ చేసేదేగా!"

అమ్మ మాట నన్ను వదల్లేదు. నిజమే, పని అదే. కానీ పడవలో ఆ పనికి ఒక పుస్తకం ఉంది. లాగ్‌బుక్. సముద్రంలో ఉన్నప్పుడు మాత్రమే కాదు, రేవులో ఆగి ఉన్నప్పుడు కూడా ఆవిడ రోజూ రాసేది. గాలి దిశ, బారోమీటర్ అంకె, ట్యాంకులో ఎన్ని లీటర్ల నీళ్లున్నాయి, ఏ తాడు మార్చారు, ఏ కుట్టు వేశారు, ఎన్ని గుడ్లు మిగిలాయి. కుట్టిన కుట్టుకి తారీఖు ఉంది. ఆ కుట్టు మీద రెండు ప్రాణాలు ఆధారపడి ఉన్నాయని అందరికీ తెలుసు. ఆ పనికి పడవ మనుషుల భాషలో గౌరవమైన పేరు ఉంది, నావికత్వం. అమ్మ నలభై ఏళ్లుగా బియ్యంలో పురుగు పట్టకుండా, పప్పు నెలాఖరుదాకా సరిపోయేలా, నాన్న వచ్చే వేళకి అన్నం వేడిగా ఉండేలా చూస్తూ వచ్చింది. ఆ పని మీద నలుగురి ప్రాణాలు ఆధారపడి ఉండేవి. దానికి లాగ్‌బుక్ లేదు. ఎవరైనా అడిగితే "ఇంట్లోనే ఉంటుంది" అనేవాళ్లం.

పడవలో అంతా సమానమని నేననడం లేదు. ఇంగ్లీషు మాట్లాడే పడవవాళ్ల మధ్య సరదాగా తిరిగే మాట ఒకటుంది, 'పింక్ పనులు, బ్లూ పనులు' అని. వంట, సరుకులు, ఉతుకుడు పింక్. ఇంజన్, తెరచాప కొయ్య, ఎలక్ట్రికల్ పనులు బ్లూ. ఓపువాలో సాయంత్రాలు పక్కపక్క పడవలవాళ్లు కలుసుకున్నప్పుడు మగవాళ్లు గాలి గురించీ ఆడవాళ్లు గుడ్ల గురించీ మాట్లాడుకోవడం నేను విన్నాను. ఇల్లు విడిచి సముద్రం మీదికి వచ్చినవాళ్లు కూడా ఇంటి శ్రమవిభజనని మూటగట్టుకునే వచ్చారు. అయితే ఆ పడవలో ఒక నియమం ఉండేది. దాని గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

వెళ్లడానికి ఇద్దరి ఒప్పుదల కావాలి. ఆగడానికి ఒక్కరి మాట చాలు. 'వద్దు' అన్నవాళ్లు కారణం నిరూపించనక్కర్లేదు.

నేను వెళ్లిన ఎనిమిదో రోజున ఆ నియమానికి పరీక్ష వచ్చింది. అల్పపీడనం దాటింది, నైరుతి గాలి పడింది. పక్క పడవలు నాలుగైదు కస్టమ్స్‌వాళ్ల దగ్గర ముద్ర వేయించుకుని తాళ్లు విప్పుకుంటున్నాయి. వీళ్ల కొడుకు టిక్కెట్టు కొనుక్కుని ఫిజీలో కలుసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆయన వెళదామన్నాడు. ఆవిడ అమెరికన్ మోడల్‌నీ యూరోపియన్ మోడల్‌నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఐదో రోజు దగ్గర రెండూ రెండు దారులు పట్టాయి. ఒకదానిలో ఫిజీకి దగ్గర్లో ద్రోణి బలపడుతోంది, రెండోదానిలో అది లేనే లేదు. ఆవిడ కాసేపు చూసి, "నేను వెళ్లను" అంది. ఆయన ముఖం చిన్నబోయింది. కొడుక్కి ఫోన్ చేయడానికి ఒడ్డుకి వెళ్లాడు. తిరిగొచ్చి లాగ్‌బుక్‌లో తనే రాశాడు, ఈరోజు బయలుదేరడం లేదని. ఎవరు వద్దన్నారో రాయలేదు.

ఆ రోజు బయలుదేరిన పడవలన్నీ క్షేమంగా చేరాయి. ద్రోణి బలపడలేదు. పదకొండో రోజున వీళ్లు బయలుదేరినప్పుడు గాలి అప్పటికంటే కొంచెం గరుకుగానే ఉంది. అయినా మధ్యలో ఆ మూడు రోజులూ ఆయన నోటి నుంచి ఒక్కసారి కూడా 'చూశావా, నేను చెప్పలేదూ' అనే మాట రాలేదు. ఆవిడ కూడా సంజాయిషీ ఇవ్వలేదు. నేను ఉండబట్టలేక అడిగాను, అనవసరంగా ఆగామనిపించలేదా అని. "అప్పుడు తెలిసినదాన్ని బట్టి ఆగాను. తర్వాత తెలిసినది అప్పుడు నా దగ్గర లేదుగా" అంది.

నిర్ణయం మంచిదా కాదా అన్నది ఫలితాన్ని బట్టి చెప్పాలా, నిర్ణయించిన క్షణంలో ఉన్న ఎరుకని బట్టి చెప్పాలా అన్నది తత్వశాస్త్రంలో పెద్ద చర్చే. కానీ మన ఇళ్లలో ఈ చర్చకి ఆడా మగా తేడా ఉంది. స్త్రీ 'వద్దు' అన్న మాట సరైనదని తేలాలంటే ఏదో ఒక ఉపద్రవం జరిగి తీరాలి. ఈ సంబంధం వద్దు, ఈ ఊరు వద్దు, ఈ వేళప్పుడు ప్రయాణం వద్దు, రెండో కాన్పు ఇప్పుడే వద్దు. ఆ తర్వాత అంతా బాగానే జరిగిందా, ఆమె 'వద్దు' ఆమె ఖాతాలో అప్పుగా మిగిలిపోతుంది. ఏళ్ల తరబడి గుర్తు చేస్తారు. ఉపద్రవం జరిగితే మాత్రం 'పాపం, ఆవిడ ముందే చెప్పింది' అంటారు. అంటే ఆమె మాటకి విలువ రావాలంటే ఆమె గానీ ఆమెవాళ్లు గానీ మునిగిపోవాలి. ఆ పడవలో 'వద్దు'కి అంత ఖరీదు లేదు. ఉపద్రవం సాక్ష్యం చెప్పకపోయినా అది గౌరవమైన మాటగానే ఉండిపోయింది.

ఈ వెలుగులో సుందరకాండని మళ్లీ చదివాను. అశోకవనంలో సీతని హనుమంతుడు తన వీపు మీద సముద్రం దాటిస్తానంటాడు. ఆమె వద్దంటుంది. పరపురుషుణ్ణి తాకనన్నదీ, రాముడే వచ్చి తీసుకువెళ్లడం అతనికి కీర్తి అన్నదీ మనకి బాగా గుర్తుండిపోయిన కారణాలు. పురాణ కాలక్షేపాల్లో మళ్లీ మళ్లీ వినిపించేవి అవే. కానీ వాల్మీకి సీత ముందుగా చెప్పేవి వేరే ఉన్నాయి. నీ వేగానికి నాకు స్పృహ తప్పొచ్చు, నీ వీపు మీద నుంచి సముద్రంలో పడిపోవచ్చు, రాక్షసులు వెంటపడితే నువ్వు యుద్ధం చేస్తావా నన్ను కాపాడతావా అని అడుగుతుంది. ఇది సముద్రం దాటే మనిషి వేసుకోవలసిన లెక్క. పైగా తాను ఇంకొక నెల మాత్రమే ప్రాణాలు నిలుపుకుంటానని గడువు కూడా తనే పెడుతుంది. రావణుడు పెట్టిన గడువు అది కాదు. బందీగా ఉండి కూడా తన ఎదురుచూపుకి హద్దు తానే గీసుకున్న ఈ సీతని మనం పాతివ్రత్యం కింద కప్పేశాం.

అవతలి ఒడ్డున ఏం జరిగింది? రాముడు దర్భల మీద పడుకుని దారిమ్మని సముద్రుణ్ణి ప్రార్థిస్తూ మూడు రాత్రులు ఆగాడు. మూడు రాత్రులకే కోపం వచ్చింది, విల్లు తీసుకుని సముద్రాన్ని ఎండగడతానన్నాడు. లక్ష్మణుడు విల్లు పట్టుకుని ఆపబోయాడు. గ్రీకుల కథలో ఇంతకన్నా ఘోరం జరిగింది. ట్రాయ్ మీదికి వెళ్లాల్సిన ఓడలు ఆలిస్ రేవులో గాలి అనుకూలించక ఆగిపోయాయి. ఎస్కిలస్ క్రీ.పూ. 458 నాటి 'అగమెమ్నాన్' నాటకంలోనూ, యూరిపిడిస్ తన చివరి రోజుల్లో రాసిన 'ఆలిస్‌లో ఇఫిజెనయా'లోనూ ఆ కథ ఉంది. గాలి మారాలంటే కూతుర్ని బలివ్వాలన్నారు. అగమెమ్నాన్ పెళ్లి అని అబద్ధం చెప్పి ఇఫిజెనయాని రేవుకి రప్పించాడు. ఒక కథనంలో చివరి క్షణంలో దేవత ఆమె స్థానంలో లేడిని ఉంచిందంటారు, అయినా తండ్రి నిర్ణయం నిర్ణయమే. సైన్యం ఇంక ఆగలేకపోవడానికి మూల్యం, ఆ సైన్యంలో లేని, ఆ యుద్ధం గురించి ఎవరూ అభిప్రాయం అడగని ఒక పిల్ల చెల్లించాలి. ఓపిక స్త్రీ సుగుణమని ఎవరు ఎందుకు చెప్పారో ఈ రెండు రేవుల్నీ పక్కపక్కన పెడితే కొంత తెలుస్తుంది. ఆగలేకపోవడాన్ని వీరత్వంగా చెప్పుకోవాలంటే, దాని ఖర్చు భరించడాన్ని మరొకరి సుగుణంగా చెప్పక తప్పదు.

అంతమాత్రాన ఆగినవాళ్లు అందరూ క్షేమం అని కాదు. 1994 జూన్‌లో న్యూజిలాండ్ నుంచి టోంగా వైపు వెళ్తున్న పడవల మీద ఒక తుఫాను విరుచుకుపడింది. క్వీన్స్ బర్త్‌డే తుఫాను అంటారు. అది పడవలు బయలుదేరాక పుట్టి వేగంగా బలపడింది. 21 మందిని కాపాడారు. ఒక పడవలో ఉన్న ముగ్గురూ పోయారు. వాళ్లు కూడా వాతావరణం చూసుకుని బయలుదేరినవాళ్లే. ఎంత జాగ్రత్తగా కనిపెట్టినా సముద్రం హామీ ఇవ్వదు. కాబట్టి ఆగడానికి విలువ ఫలితంలో లేదు. నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, దానికి కావలసిన సమాచారం ఎవరి ముందు ఉంది, ఆగిన రోజుల పని ఎవరిది, దాన్ని ఎవరు లెక్కలో పెట్టారు, అన్నవాటిలో ఉంది.

ఈ తేడాలు తెలుగు భాషకి ఎప్పుడో తెలుసు. 'పడిగాపులు' అంటాం. ఆఫీసు వరండాలో పింఛను కాగితం కోసం, గైడు గది ముందు సంతకం కోసం మనం పడేవి అవి. అక్కడ ఆపుతున్నది ఒక మనిషి, ఆ మనిషికి మన సమయం విలువలేనిది. 'ఎదురుచూపు' అంటాం. అందులో కోరిక ఉంది, కళ్లు దారి మీద ఉంటాయి, చేతులు ఖాళీ. 'కనిపెట్టుకుని ఉండటం' అని ఇంకో మాట ఉంది. రోగి దగ్గర, పసిబిడ్డ దగ్గర, పొయ్యి మీది పాల దగ్గర కనిపెట్టుకుని ఉంటాం. తెలుగు బైబిల్‌లో దేవుని కోసం ఆగడానికి కూడా ఈ మాటే వాడారు. గమనించడం, కాపాడటం, ఆగడం మూడూ అందులో కలిసి ఉన్నాయి. కొత్త విషయం కనిపెట్టడం అన్నప్పుడు కూడా అదే క్రియ. ఓపువాలో నేను చూసినది ఈ మూడో రకం. గాలి ఎవర్నీ పడిగాపులు పడేయదు, దానికి మన మీద అధికారం చూపించాలన్న ఉద్దేశం లేదు. కనక గాలి కోసం ఆగడంలో అవమానం లేదు. మనిషి మనిషిని ఆపినప్పుడే అవమానం పుడుతుంది.

కానీ కనిపెట్టుకుని ఉండగలగడం కూడా అందరికీ దొరికేది కాదని ఒప్పుకోవాలి. ఓపువాలో ఆగినవాళ్లకి పింఛన్లున్నాయి, రేవు అద్దె కట్టే స్తోమత ఉంది. ఆన్ డేవిసన్ కథ ఇందుకు భిన్నం. 1949లో ఆమె, ఆమె భర్త ఫ్రాంక్ అప్పులవాళ్లు పడవని స్వాధీనం చేసుకుంటారన్న భయంతో, అది పూర్తిగా సిద్ధం కాకముందే ఇంగ్లండ్ నుంచి బయలుదేరారు. ఆగే హక్కు అప్పు లాగేసుకుంది. పడవ పగిలి భర్త చనిపోయాడు, ఆమె ఒడ్డుకి చేరింది. ఆ తర్వాత 1952లో ఏడు మీటర్ల 'ఫెలిసిటీ ఆన్' పడవలో ఒంటరిగా బయలుదేరి, ఒక్కో రేవులో ఆగుతూ, లాస్ పాల్మాస్ నుంచి అట్లాంటిక్ తుఫానుల కాలం ముగిసే వేళకి నవంబర్‌లో తెరచాప ఎత్తింది. 1953 జనవరిలో డొమినికా చేరి, అట్లాంటిక్‌ని ఒంటరిగా దాటిన మొదటి స్త్రీ అయింది. మొదటి ప్రయాణంలో దొరకని సమయం రెండో ప్రయాణంలో ఆమె తనకి తాను ఇచ్చుకుంది.

మా బందరులో అల్పపీడనం వార్త వచ్చి రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేసిన రోజున పడవలు ఒడ్డుకి లాగేస్తారు. వేట లేకపోతే ఆ పూట చేపల తట్ట లేదు, ఆ తట్ట మీద నడిచే ఇల్లు వడ్డీకి తెచ్చిన డబ్బు మీద నడవాలి. ఆ అప్పు తెచ్చేది చాలాసార్లు ఆడవాళ్లే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది, నిషేధం అవసరమే. ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి పడవెక్కి వేటకి వెళ్లేవాళ్ల పేరు మీద వస్తుంది. చేపలు ఎండబెట్టి, తట్టలో పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మే స్త్రీల పని కూడా ఆ 61 రోజులూ ఆగిపోతుంది. వాళ్ల ఆగడం ఏ లాగ్‌బుక్‌లోనూ ఎక్కదు. కనిపెట్టుకుని ఉండటం నైతికంగా గొప్పదని నాలాంటివాళ్లు వ్యాసాలు రాసేముందు, అది ఖర్చుతో కూడిన పని అనీ, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో అడగాలనీ గుర్తుంచుకోవాలి.

చివరిగా మన సాహిత్య పరిశోధకులకి ఒక మాట. 2017 సెప్టెంబర్‌లో భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు స్త్రీలు 'తారిణి' అనే 17 మీటర్ల తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరి, భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగివచ్చారు. వర్తికా జోషి నాయకత్వంలో వెళ్లిన ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకి చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. మొత్తం 254 రోజులు, అందులో సముద్రం మీద 199 రోజులు. మిగిలిన 55 రోజులు రేవుల్లో. ఫ్రీమాంటల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్. తిరుగు ప్రయాణంలో చుక్కాని వ్యవస్థ చెడిపోయి మారిషస్‌లో పోర్ట్ లూయిస్. పత్రికలు కేప్ హార్న్ దాటిన రోజు గురించి రాశాయి. వాళ్లు వెళ్లిన రోజూ వచ్చిన రోజూ రాశాయి. ఆ 55 రోజుల్లో అన్నీ గాలి కోసం ఆగినవి కావు, మరమ్మతులున్నాయి, సన్మానాలున్నాయి. అయినా ఆ రోజుల్లో ఎవరు వండారు, ఎవరు తెరచాప కుట్టారు, రేపు వెళ్దామని ఎవరన్నారు, వద్దని ఎవరన్నారు, ఆ మాట ఎలా నిలబడింది అన్నది నాకు కేప్ హార్న్ కంటే తక్కువ విషయంగా అనిపించదు. తెలుగులో అలాంటి రాతలు రావాలి. తారిణివే కానక్కర్లేదు, వేట ఆగిన 61 రోజుల్లో బందరు పల్లెపాలెంలో ఒక ఇల్లు ఎలా గడిచిందో రాసినా అది కూడా లాగ్‌బుక్కే. ఆ రాతలు చేతిలో ఉంటే, ఎనిమిదిమంది నాయికల పాఠం చెప్పే రోజున వాటిని కూడా మన విద్యార్థుల ముందు పెట్టగలుగుతాం.